జార్జ్ ఇలియట్ ఆ మాట అనలేదు

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధం చివరి పేజీలో, మంచిమాట శీర్షిక కింద, ‘నువ్వు కాగలిగిన మనిషివి కావడానికి ఎన్నడూ ఆలస్యం కాదు’ అన్న వాక్యం వేశారు. కింద జార్జ్ ఇలియట్ పేరు రాసి, ఆయన విక్టోరియా కాలపు గొప్ప నవలాకారుడని చేర్చారు. నేను ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో ఇంగ్లీషు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నదాన్ని. ఆ కాస్త చోటులో రెండు తప్పులు దొర్లాయి. చూసి ఊరుకోలేక రాస్తున్నాను.

జార్జ్ ఇలియట్ ఆడమనిషి. అసలు పేరు మేరీ ఆన్ ఇవాన్స్. 1819 నవంబరు 22న ఇంగ్లండులోని వార్విక్‌షైర్‌లో పుట్టింది. తండ్రి ఒక ఎస్టేటు వ్యవహారాలు చూసేవాడు. అప్పటికే పెళ్లయి ఉన్న జార్జ్ హెన్రీ లూయిస్ అనే రచయితతో 1854 నుంచి కలిసి ఉన్నందుకు సొంత అన్న ఆమెతో ఇరవై ఏళ్లకు పైగా మాట్లాడలేదు. కథలు అచ్చుకిచ్చేటప్పుడు ఆ లూయిస్ పేరులోని ‘జార్జ్’నే తన కలం పేరుకు తీసుకుంది. అంత కష్టపడి రాసిన మనిషిని ఇన్నేళ్ల తర్వాత మనం ‘ఆయన’ అనడం నాకు బాధ కలిగించింది.

ఇక ఆ వాక్యం. ఆమె నవలల్లో గాని, వ్యాసాల్లో గాని, అచ్చయిన ఉత్తరాల్లో గాని అది లేదు. వెతికిన పండితులకు దొరకలేదు. ఆమె కాలంలోనే అడిలైడ్ ప్రాక్టర్ అనే కవయిత్రి పద్యంలో ఇంచుమించు ఇదే అర్థం వచ్చే పాదం ఒకటి ఉంది. ఇలియట్ మొదటి కథ 1857లో, ఆమెకు ముప్పై ఏడేళ్లప్పుడు వచ్చింది కాబట్టి ఈ మాట ఆమె జీవితానికి అతికినట్టు కనిపిస్తుంది. అందుకే అందరూ నమ్ముతారు. కానీ ఆమె నవలలు చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు.

1871–72లో ఎనిమిది భాగాలుగా వెలువడిన ఆమె నవల ‘మిడిల్‌మార్చ్’లో లిడ్గేట్ అనే డాక్టరు ఉన్నాడు. ఇరవై ఏడేళ్ల వయసులో, వైద్యశాస్త్రానికి ఏదైనా కొత్త సంగతి కనిపెట్టి ఇవ్వాలన్న పట్టుదలతో మిడిల్‌మార్చ్ అనే చిన్న ఊరికి వస్తాడు. అందమైన పిల్లను చూసి పెళ్లి చేసుకుంటాడు. స్థోమతకు మించి ఇల్లు అమరుస్తాడు. సామాను అప్పులు మెడకు చుట్టుకుంటే బుల్‌స్ట్రోడ్ అనే బ్యాంకరు దగ్గర వెయ్యి పౌన్లు తీసుకుంటాడు. వీటిలో ఏ ఒక్క అడుగూ మహాపాపం కాదు. చివరికి డబ్బున్న రోగులకు వైద్యం చేస్తూ, గౌట్ అనే కీళ్ల జబ్బు మీద ఒక పుస్తకం రాసి, యాభయ్యో ఏట పోతాడు. లోకం దృష్టిలో బాగా గడించినవాడే. తన లెక్కలో మాత్రం తాను ఓడిపోయాడు. అతనికి ఆలస్యమైపోయింది, ఇలియట్ ఆ సంగతిని ఎక్కడా మెత్తబరచి చెప్పదు.

మరి ఆలస్యమైపోయినవాళ్లకు ఆమె ఏమీ ఇవ్వదా? ఆ బ్యాంకరు పాత పాపం బయటపడ్డప్పుడు అతని భార్య హారియెట్‌కు ఊళ్లో అందరికంటే ఆఖరున, తోబుట్టువు నోట తెలుస్తుంది. ఇంటికి వచ్చి గది తలుపు వేసుకుంటుంది. ఒంటి మీది నగలన్నీ తీసేస్తుంది. నల్లటి సాదా గౌను కట్టుకుని, కుచ్చుల టోపీ పక్కన పెట్టి, జుట్టు అణచి దువ్వి సాదా టోపీ పెట్టుకుంటుంది. రాత్రి ఎనిమిది గంటలకు భర్త గదిలోకి వెళ్తే అతడు కళ్లెత్తి చూడలేకపోతాడు. అతని చేతి మీద ఒక చెయ్యి, భుజం మీద ఒక చెయ్యి వేసి, ‘తలెత్తండి, నికొలస్’ అంటుంది. అందులో నిజమెంత అని ఆమె అడగదు, నేను నిర్దోషినని అతడూ అనడు. ఇద్దరూ కూర్చుని ఏడుస్తారు. మన ఇళ్లలో ఆడవాళ్లు నగలు తీయడం ఎప్పుడో తెలిసినదాన్ని, ఆ పేజీ దగ్గర ప్రతిసారీ నా గొంతు పట్టుకుంటుంది.

మీ మంచిమాటను నా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఫోటో తీసి ఫోనులో పంపింది. ‘మేడమ్, మీ పీహెచ్‌డీకి ఇంకా ఆలస్యం కాలేదు’ అని రాసింది. ప్రేమతోనే రాసింది. నా సిద్ధాంత వ్యాసం రెండు అధ్యాయాల దగ్గర ఆగిపోయి, ఇప్పటికీ బీరువా అడుగు అరలో ఉంది. అమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ కాలూ పడిపోయిన ఏడాది అది ఆగింది. ఇక అది పూర్తి కాదు. ఆ నిజం నాకు ఇలియట్ చెప్పింది, అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

ఇదే నవల ఇరవై ఏడో అధ్యాయంలో ఆమె ఒక పోలిక చెబుతుంది. దాన్ని నేను తరగతిలో చేసి చూపించేదాన్ని. ఇంట్లో ఏళ్ల తరబడి పీచుతో తోమిన స్టీలు పళ్లెం తీసుకెళ్లి కిటికీలు మూయించేదాన్ని. తోమిన గీతలు ఎటు పడితే అటే ఉంటాయి. దగ్గరికి కొవ్వొత్తి తెచ్చేసరికి అవన్నీ ఆ వెలుగు చుట్టూ సన్నని వలయాలై తిరుగుతాయి. ఒకసారి వెనక బెంచీ అబ్బాయి లేచి వచ్చి కొవ్వొత్తిని పక్కకు జరిపాడు. వలయాలూ దానితోపాటే జరిగాయి. తరగతి నిశ్శబ్దమైపోయింది. మనలో ప్రతివాళ్లకూ స్వార్థమనే కొవ్వొత్తి ఒకటుంటుందని, జరిగినవన్నీ తన చుట్టూ తిరిగినట్టే కనిపిస్తాయని ఆమె అనేది అదే. రెండు అధ్యాయాల తర్వాత కథానాయిక డొరొతియా గురించి వాక్యం మొదలుపెట్టి, మధ్యలో ఆపి, ‘అయినా ఎప్పుడూ డొరొతియాయేనా?’ అని తననే ప్రశ్నించుకుంటుంది. అక్కడి నుంచి మనల్ని డొరొతియా ముసలి భర్త కాసాబన్ మనసులోకి తీసుకెళ్తుంది. తన గ్రంథం ఎన్నటికీ తేలదన్న భయాన్ని ఎవరికీ చెప్పుకోలేని మనిషి అతను.

అమ్మకు పక్షవాతం వచ్చిన ఆ సంవత్సరాన్ని నేను చాలాకాలం ‘నా పరిశోధన ఆగిపోయిన ఏడు’ అనే లెక్కపెట్టుకున్నాను. రాత్రిళ్లు టైపు మిషను దగ్గర కూర్చునేదాన్ని. పక్క గదిలో అమ్మ. ఒక రాత్రి వెళ్లి చూస్తే పెదవులు ఎండిపోయి ఉన్నాయి. దాహమైతే పిలవలేదేమని కోప్పడ్డాను. ‘నీ మిషను చప్పుడు ఆగాక పిలుద్దామని ఊరుకున్నానమ్మా’ అంది. ఆ మాట విన్న రోజున నాకు అర్థం కాలేదు. అమ్మ పోయాక ఇరవై తొమ్మిదో అధ్యాయం మళ్లీ పాఠం చెబుతూ, సగంలో ఆపి కూర్చున్నాను.

వచ్చే ఆదివారం అదే చోట, అదే సైజు అక్షరాల్లో సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను. ఆమె మాటే కావాలనుకుంటే ఆ అధ్యాయంలోని ‘ఎప్పుడూ డొరొతియాయేనా?’ అన్న ప్రశ్న వేయండి. కింద మేరీ ఆన్ ఇవాన్స్ అన్న పేరు కూడా రాయండి.

– ఒక విశ్రాంత ఆంగ్ల అధ్యాపకురాలు, తెనాలి