మంద కదిలితే బడీ కదలాలి

సంపాదకుడికి,

ఉత్తర కెన్యాలోని తుర్కానా, మార్సాబిట్ లాంటి ఎండు సీమల్లో పశుపోషకుల ఇళ్ల ఆడవాళ్లకు, యువతకు డిజిటల్ శిక్షణ ఇవ్వాలనడం మంచి మాటే. అయితే పట్నంలో కంప్యూటర్ల గది తెరిచి రమ్మంటే మాత్రం డబ్బు దండగ. పాలు పితికి, నీళ్లకు వెళ్లొచ్చే మనిషి రెండు వారాలు ఇల్లు వదిలి రాలేదు. మేత అయిపోతే మంద కదులుతుంది, దాంతోపాటే విద్యార్థులూ. సంత రోజున, బావి దగ్గర, మధ్యాహ్నం నీడపట్టున గంట చొప్పున, ఎవరి చేతిలోని ఫోన్‌లో వారికే నేర్పాలి.

మొదటి పాఠం టైపింగ్ కాదు, డబ్బు. అక్కడ 2007లో వచ్చిన ఎం-పెసా అనే ఫోన్ డబ్బు సేవ బటన్ల ఫోన్‌లో, ఇంటర్నెట్ లేకుండానే నడుస్తుంది. చిక్కల్లా మెనూ కొద్దిసేపే నిలవడం. అక్షరాలు కూడబలుక్కునేలోగా మాయమైపోతుంది, మళ్లీ మొదటికి రావాలి. విసుగొచ్చి ఫోన్ పక్కవాడికిచ్చి, పిన్ కూడా చెప్పేస్తారు. మోసానికి దారి అక్కడే. ఏ అంకె తర్వాత ఏది నొక్కాలో వల్లె వేయించి, చిన్న మొత్తాలతో పదిసార్లు సొంత చేత్తో చేయించాలి. డబ్బు పడిందని మెసేజ్ రాగానే మేకను అప్పగించకూడదు. అలాంటి దొంగ మెసేజ్ ఎవరైనా పంపగలరు. బ్యాలెన్స్ చూశాకే తాడు చేతులు మారాలి. సిమ్ కూడా ఫోన్ వాడే మనిషి పేరునే ఉండాలి. గుర్తింపు కార్డు లేనివారికి ముందు అది ఇప్పించాలి.

ఇక ఛార్జింగ్. 10 వాట్ల సోలార్ ప్యానెల్‌కు 5 గంటల గట్టి ఎండ తగిలితే లెక్కకు 50 వాట్-అవర్లు. వేడికి, దుమ్ముకు, తీగలకు పోగా 30-35 దక్కితే గొప్ప. 4000 ఎంఏహెచ్ బ్యాటరీ నిండడానికి దాదాపు 15 కావాలి. అంటే రోజుకు రెండు స్మార్ట్‌ఫోన్లు. 20 మందికి ఒక్క ప్యానెల్ పెడితే పాఠం ఎలా సాగుతుంది? ప్యానెల్‌ను రోజూ తుడవాలి. ప్యానెల్ ఎండలో, ఫోన్ నీడలో ఉండాలి. 45 డిగ్రీలు దాటితే లిథియం బ్యాటరీని ఛార్జ్ చేయకూడదు. చాలా ఫోన్లు అప్పటికే ఛార్జింగ్ ఆపేస్తాయి. అది తెలియక ప్యానెల్ పాడైందనుకుని మూలన పడేస్తారు.

చదువుకున్న కుర్రవాళ్లకు పశుబీమా వివరించడం నేర్పితే ఊరంతటికీ మేలు. మార్సాబిట్‌లో 2010లో మొదలైన సూచీ బీమా చచ్చిన పశువులను లెక్కపెట్టదు. ఉపగ్రహం కొలిచిన పచ్చదనం ఆ ప్రాంతమంతటా నిర్ణీత గీత కిందికి పడితేనే సొమ్మిస్తుంది. రోగంతో ఆవు పోతే రాదు. ఈ ఒక్క మాట ప్రీమియం కట్టించుకునే ముందే వారి భాషలో చెప్పాలి. చెప్పకపోతే మొదటి కరువుకే నమ్మకం పోతుంది.

శిక్షణ సంస్థలు సర్టిఫికెట్లు లెక్కపెట్టుకోవడం మానాలి. వలస నుంచి మంద తిరిగొచ్చాక మళ్లీ వెళ్లి, ఎంతమంది తమ పిన్‌తో తామే డబ్బు తీసుకుంటున్నారో చూడాలి. మరిచిపోయినవారికి ఆ బావి దగ్గరే మరో గంట కూర్చుని చెప్పాలి. నిధుల్లో ఆ రెండో రాకకు అయ్యే ఖర్చునూ మొదటే చేర్చాలి.

— ఒక పాఠకురాలు