డిస్కస్ గది మళ్లీ కట్టాం, కార్తీక పౌర్ణమి దాకా ఆగండి

రెండు నెలల నుంచి డిస్కస్ (అక్వేరియంలో పెంచుకునే గుండ్రటి, పలచటి రంగు చేప) అడిగిన ప్రతి ఒక్కరికీ "ఇంకొద్ది రోజులండి" అనే చెబుతున్నాను. ఫోన్‌లో అందరికీ మొత్తం విషయం చెప్పడం కుదరలేదు. విజయనగరంలో మా షాపుకి వచ్చేవాళ్లకీ, బొబ్బిలి, పార్వతీపురం, రాజాం, శ్రీకాకుళం నుంచి బస్సెక్కి వచ్చి చేపలు తీసుకెళ్లేవాళ్లకీ జరిగింది జరిగినట్టు తెలియాలి.

శ్రావణంలో బయటి నుంచి 30 డిస్కస్ పిల్లల్ని తెప్పించాను. కొత్త చేప ఏది వచ్చినా ఆరు వారాలు విడిగా ఉంచమని మీ అందరికీ చెప్పేది నేనే. కానీ అప్పుడు నా దగ్గర విడి ట్యాంకులు ఖాళీ లేవు. చేపలు చురుగ్గా తింటున్నాయి, రంగు బాగుంది, ఇంకేం భయం అనుకుని పదో రోజునే పెద్ద గదిలోకి వదిలేశాను. ఆ గదిలో 12 ట్యాంకులు ఉండేవి. అన్నిటి నీళ్లూ ఒకే సంప్‌లోకి (కింద ఫిల్టర్ ఉండే నీళ్ల తొట్టి) దిగి, ఒకే పంపు మీద మళ్లీ అన్నిటికీ ఎక్కేవి.

ముందు కొత్త చేపలున్న ట్యాంకులో రెండు నల్లబడ్డాయి. మూడో రోజుకి పక్క ట్యాంకులో చేపలన్నీ ఒక మూలకి చేరి, రెక్కలు ముడుచుకుని, తలలు కిందికి వాల్చేశాయి. ఒంటి మీద తెల్లటి జిగురు పొరలా ఊడి వచ్చేది. ఏడో నంబరు ట్యాంకులో నా దగ్గర నాలుగేళ్లుగా ఉన్న జత ఉంది. అప్పటికి పిల్లలు ఈత మొదలుపెట్టి మూడు రోజులు. డిస్కస్ పిల్లలకి మొదటి రోజుల్లో తిండి తల్లిదండ్రుల ఒంటి మీద ఊరే జిగురే. ఆ ఒళ్లే జబ్బు పడింది. పిల్లలు వచ్చి అతుక్కోవడం, మగ చేప ఒళ్లు విదిలించి పక్కకి పోవడం, అవి మళ్లీ వెతుక్కుంటూ రావడం. ఆ రాత్రంతా ఆ ట్యాంకు ముందే కూర్చున్నాను. రెండో రోజుకి ఒక్క పిల్లా మిగల్లేదు. మొత్తం 140 చేపల్లో 64 పోయాయి.

సంప్‌లో యూవీ దీపం ఉంది కదా అన్న ధీమా నాది. ఆ దీపం తన ముందు నుంచి వెళ్లే నీళ్లలో ఉన్నవాటినే చంపగలదు. దాని దాకా రాకుండా ట్యాంకులోనే ఒక చేప నుంచి ఇంకో చేపకి అంటుకునేదాన్ని ఆపలేదు. పైగా 12 ట్యాంకులకీ నేను వాడింది ఒకటే వల. నీళ్లు కలిసినచోట జబ్బూ కలుస్తుంది. ఇది నాకు తెలియనిది కాదు, తెలిసీ చోటు లేదని చేశాను.

కష్టమైన మాట ఇంకొకటి ఉంది. మొదటి రెండు చేపలు నల్లబడిన వారంలోనే, ఇంకా పట్టుకోలేని దశలో, 11 మందికి చేపలు అమ్మాను. ఎనిమిది మందితో ఫోన్‌లో మాట్లాడాను. డబ్బు కావాలన్నవాళ్లకి డబ్బు పంపేశాను, చేపలే కావాలన్నవాళ్ల పేర్లు మొదటి జాబితాలో ఉన్నాయి. మిగతా ముగ్గురి ఫోన్లు కలవడం లేదు. శ్రావణం చివర్లో నా దగ్గర డిస్కస్ కొన్నవాళ్లు ఇది చదివితే, చేప బతికినా పోయినా ఫోన్ చేయండి. బిల్లు లేకపోయినా ఫర్వాలేదు. జబ్బు చేపని మాత్రం షాపుకి తేవద్దు, ఫొటో చాలు. ఆ ట్యాంకు వల, బకెట్టు ఇంకో ట్యాంకులో పెట్టకండి.

ఇక గది సంగతి. ముందు మొత్తం దింపేశాం. పైపులు, వలలు, ట్యాంకులు బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టాం. స్పాంజీలు, సంప్‌లోని రింగులు పారేశాం. ఏళ్లపాటు వాటి మీద పెరిగిన మంచి బ్యాక్టీరియా కూడా వాటితోనే పోయింది. ఇప్పుడు ఆలస్యం అవుతున్నది అందుకే.

కొత్త ఏర్పాటులో అదే 12 ట్యాంకుల్ని నాలుగేసి చొప్పున మూడు వరుసలు చేశాం. ప్రతి వరుసకీ సొంత సంప్, సొంత పంపు, సొంత వల. ఒక వరుస చుక్క ఇంకో వరుసలో పడదు. కొత్త చేపలకి ఆరు ట్యాంకులు వేరే గదిలో పెట్టాను. వాటికి సంపూ లేదు, నీటి పైపూ లేదు, గాలితో నడిచే స్పాంజి ఫిల్టర్లే. ఆ గది పని రోజులో ఆఖరున చేస్తాను, చేసొచ్చాక మళ్లీ పెద్ద గదిలో అడుగు పెట్టను.

మేం ఎక్కువ కష్టపడింది ట్యాంకు వెనక అద్దానికి రంధ్రాలు వేయడం దగ్గర. ఒక్కో ట్యాంకు 2 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల ఎత్తు, అంటే 170 లీటర్లు. నీళ్లు పోస్తూ డైమండ్ బిట్‌తో మెల్లగా వేసినా రెండు అద్దాలు పగిలాయి. ప్రతి ట్యాంకుకీ ఒకటి కాక రెండు రంధ్రాలు పెట్టించాను. ఒకటి రోజూ నీళ్లు దిగేది. రెండోది దానికంటే ఒక అంగుళం పైన, మొదటిది ఆకుతోనో చచ్చిన చేపతోనో మూసుకుపోతే పనికొచ్చేది. ప్లంబర్ అన్న మొదటి రోజు ట్యాంక్ నిపుల్‌కి (అద్దం రంధ్రంలో బిగించి పైపు కలిపే ముక్క) రబ్బరు వాషర్ నట్టు వైపు వేశాడు. "ఏటవుద్ది బాబూ, బిగించేస్తే సరి" అన్నాడు. రాత్రికి నట్టు కింద చెమ్మ, తెల్లారేసరికి సన్నటి ధార. వాషర్ నీళ్లున్న వైపు, నిపుల్ అంచుకి ఆనుకుని ఉండాలి. నట్టు వైపు ఉంటే నీళ్లు మర గుండా పాకి వచ్చేస్తాయి. మర్నాడు ఆయనే అన్నీ విప్పి మార్చాడు. అడక్కుండానే ప్రతి పంపు దగ్గరా యూనియన్ (చేత్తో విప్పి బిగించే పైపు జాయింటు) కూడా వేశాడు. పంపు పాడైతే ఇక పైపు కోయక్కర్లేదు.

దిగే పైపుకి 90 డిగ్రీల ఎల్బోలు ఎక్కడా వాడలేదు. రెండేసి 45 డిగ్రీల బెండ్లు పెట్టాం, మలినం మలుపులో నిలవదు. పైప్‌కి నాలుగు అడుగులకి ఒక అంగుళం వాటం ఇచ్చాం. నీళ్లతోపాటు గాలి దిగితే గడగడమనే శబ్దం వస్తుంది, డిస్కస్ బెదిరి అద్దానికి గుద్దుకుంటుంది. అందుకని పైన T ఆకారపు పైపు ముక్క పెట్టి, మూతకి చిన్న గాలి రంధ్రం వేశాం. ఇప్పుడు గదిలో పంపు రొద తప్ప ఏమీ వినపడదు.

నేను గీసిచ్చిన బొమ్మ చూసి ఇంట్లో సంప్ పెట్టించుకున్న ఐదారు కుటుంబాలవాళ్లు ఈ కింది భాగం తప్పకుండా చదవాలి. పోయిన వేసవిలో ఒక రాత్రి కరెంటు పోయింది. నీళ్లు ఎక్కే పైపు మూతి ట్యాంకులో నాలుగు అంగుళాల లోతున ఉంది. పంపు ఆగగానే అదే పైపు వెనక్కి లాగడం మొదలుపెట్టింది. ఒక్కో ట్యాంకు నుంచి 38 లీటర్లు, 12 ట్యాంకులకీ కలిపి 450 లీటర్లు. సంప్‌లో ఖాళీ 150 లీటర్లే. మిగతా 300 గది నేల మీద. మీ ఇంట్లో పైపుకి నీటి మట్టానికి అర అంగుళం కింద ఒక చిన్న రంధ్రం వేయండి. మట్టం దిగగానే అందులోంచి గాలి దూరి లాగడం ఆగిపోతుంది. నాచు పట్టి మూసుకుపోతుంది కాబట్టి వారానికోసారి పుల్లతో పొడవండి. ఆ పైన ఒకసారి కావాలని స్విచ్ ఆపి, సంప్ పొంగుతుందో లేదో కళ్లారా చూడండి. బొమ్మలో ఆ రంధ్రం గీయకపోవడం నా తప్పే, ఎవరికైనా ఇంటికి వచ్చి వేసిస్తాను.

కరెంటు విషయంలో మన ప్రాంతం వేరు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ, ఎవరికి ఎన్ని రోజులు చీకటో అందరికీ గుర్తే. నీళ్లు ఆగిన సంప్‌లో బ్యాక్టీరియాకి గంటల్లోనే ఆక్సిజన్ అందకుండా పోతుంది. అందుకే సంప్ ఉన్నా ప్రతి ట్యాంకులో ఒక స్పాంజి ఫిల్టర్ కూడా పెట్టాను. గాలి పంపు ఇన్వర్టర్ మీద ఉంటుంది. గాలి పైపు గది చుట్టూ తిప్పి రెండు కొసలూ కలిపేశాం, అన్ని ట్యాంకులకీ ఒకే ఒత్తిడి అందుతుంది. హీటర్లు వరుసకి ఒకటి పెద్దది కాకుండా రెండేసి చిన్నవి పెట్టాం. పెద్దది ఆఫ్ అవకుండా బిగుసుకుపోతే చేపలు ఉడికిపోతాయి, చిన్నదొకటి బిగుసుకుంటే చేయి పెట్టి చూసే టైమ్ ఉంటుంది. నీళ్లు 29 డిగ్రీల దగ్గర ఉంచుతున్నాం.

చాలామంది ఆర్‌ఓ (నీళ్లలో కరిగిన లవణాలు తీసేసే ఫిల్టర్) గురించి అడుగుతున్నారు. ఇంట్లో పెంచుకోవడానికే అయితే కొనకండి. మా బోరు నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) 480. పెరిగే పిల్లలకి బోరు, ఆర్‌ఓ సగం సగం కలుపుతున్నాను. గుడ్లు పెట్టే జతకే 100 కంటే తక్కువ కావాలి, గట్టి నీళ్లలో గుడ్లు సరిగ్గా పొదగవు. పూర్తిగా ఆర్‌ఓ పోస్తే పీహెచ్ పడిపోతుంది, అంటే నీళ్లలో ఆమ్లం పెరుగుతుంది, 6 కంటే దిగితే ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా మందగిస్తుంది. ఇంట్లో నాలుగు అడుగుల ట్యాంకు ఒకటే ఉన్నవాళ్లకి సంప్ కూడా అక్కర్లేదు. రెండు స్పాంజి ఫిల్టర్లు, క్లోరిన్ పోయేలా ఒక రోజు గాలి పట్టించిన నీళ్లు, రోజూ మూడో వంతు మార్చే ఓపిక చాలు.

కొత్త ఫిల్టర్‌లో అమ్మోనియాని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ బ్యాక్టీరియాకి తిండిగా రోజూ కొలిచి కొద్దికొద్దిగా అమ్మోనియా వేస్తున్నాను. మొదటి రెండు వరుసల్లో నైట్రైట్ సున్నాకి వచ్చింది. మూడో వరుస నీళ్లు పరీక్షించే గొట్టంలో నిన్న కూడా, ఇంకా నైట్రైట్ ఉందని చెప్పే లేత గులాబీ రంగే కనిపించింది. అది పోయేదాకా అందులో ఒక్క చేపా పడదు.

సిరిమాను పండక్కి చుట్టాలు వస్తారు, ఇంట్లో ట్యాంకు నిండుగా ఉండాలని చాలామంది అడిగారు. శ్రీకాకుళం నుంచి ఒకావిడ "ఏటి బాబూ, పండక్కైనా ఇవ్వవా, మా గుంటడు దినమూ అడుగుతున్నాడు" అంది. ఆమెకి లేదని చెప్పడం నాకు కష్టంగానే ఉంది. కానీ బతికిన 76 చేపల్ని మళ్లీ ఆరు వారాలు విడిగా చూస్తున్నాను, వాటిలో జబ్బు లేదన్న నమ్మకం నాకు రావాలి. కార్తీక పౌర్ణమి తర్వాత వచ్చే శనివారం నుంచి అమ్మకం మొదలు. ముందు ఆ 11 మంది, తర్వాత అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు, ఆ తర్వాతే మిగతావాళ్లు. రెండున్నర అంగుళాల పిల్ల ధర 450 రూపాయల నుంచి 550కి పెరుగుతుంది. అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకి పాత ధరే. ఆగలేం అనుకుంటే అడ్వాన్స్ వెనక్కి అడగండి, మొహమాటం వద్దు, అదే రోజు పంపేస్తాను. ఆ శనివారం వచ్చేటప్పుడు ఇంటి నుంచి బకెట్టు, వల తేకండి, కవర్లూ పెట్టెలూ ఇక్కడే ఇస్తాను.