నీ సేవ్‌లో నేను చూసింది

అమ్మలూ,

హాస్టల్‌కి వెళ్ళే రోజు సూట్‌కేస్ సర్దుకుంటూ, "నాన్నా, సిస్టమ్‌లో నా గేమ్ 'మెటల్ గేర్ సాలిడ్ 5' ఉంది. నా సేవ్‌లోనే, అంటే నేను ఆడి ఆపిన చోటునుంచే ఆడుకో, ఏం కాదు" అన్నావు. నాలుగు వారాలు దాని జోలికి పోలేదు. పోయిన ఆదివారం రాత్రి నిద్ర పట్టక తెరిచాను. మళ్ళీ గడియారం చూసేసరికి తెల్లవారుజాము మూడు దాటింది.

రెండేళ్ళ క్రితం ఈ గేమ్ మీద నీతో గొడవపడ్డాను. మనుషుల్ని కాల్చడంలో ఏం ఆనందముందే అని గట్టిగా అరిచాను. "ఒక్కసారి పక్కన కూర్చుని చూడు నాన్నా" అన్నావు నువ్వు. కూర్చోలేదు. ఆ రోజు కూర్చుని ఉండాల్సింది. అందుకే ఫోన్ చేయకుండా ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇది తీరిగ్గా చెప్పాల్సిన మాట.

'మెటల్ గేర్ సాలిడ్ 5: ద ఫాంటమ్ పెయిన్' 2015లో వచ్చిందని, చేసింది హిదెయో కోజిమా అని నువ్వు ఎప్పుడో చెప్పావు. కథలో చాలా భాగం 1984లో, సోవియట్ సైన్యం ఉన్న ఆఫ్ఘనిస్తాన్‌లో నడుస్తుందని మాత్రం ఆడితేనే తెలిసింది. ఆ సైన్యం 1979 డిసెంబరులో అక్కడికి వెళ్ళి, 1989 ఫిబ్రవరిలో వెనక్కి వచ్చింది. నా బడి రోజులు రేడియో వార్తల్లో ఆ దేశం పేరు వింటూనే గడిచాయి. పేరు వినడమే తప్ప కళ్ళకి ఏ బొమ్మా కట్టేది కాదు. ఇన్నేళ్ళకి గుర్రమెక్కి ఆ రాళ్ళ దారుల్లో తిరిగాను. మిషన్ ఏదీ మొదలుపెట్టలేదు. ఒక గంట ఊరికే తిరిగాను. ఎవరూ ఆపలేదు, ఎటు పోవాలో ఎవరూ చెప్పలేదు. ఆ కొండ ఎక్కాలనిపిస్తే ఎక్కడమే.

తర్వాత ఒక సోవియట్ శిబిరం మీదున్న గుట్ట ఎక్కి పడుకున్నాను. బైనాక్యులర్స్‌తో చూస్తే ఆరుగురు కనిపించారు. ఒకడు గోడ వెంట అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఇద్దరు నిలబడి మాట్లాడుకుంటున్నారు. గోడ వెంట తిరిగేవాడు ఎంతసేపటికి వెనక్కి తిరుగుతాడో మనసులో అంకెలు లెక్కపెట్టాను. ఇరవై నిమిషాలు ఒక్క తూటా పేల్చలేదు. అయినా నా గుండె ఎంత వేగంగా కొట్టుకుందో నీకు తెలుసు. దిగుదామా వద్దా అనుకుంటుండగా ఇసుక తుఫాను లేచింది. తెరంతా పసుపచ్చగా అయిపోయింది. ఇదే సమయం అని దిగాను. ఆ దుమ్ములో ఒక సైనికుడి పక్కనుంచి, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా నడిచిపోయాను. వాడు చూడలేదు. ఇన్నాళ్ళూ నిన్ను ఆ కుర్చీకి కట్టేసిందేమిటో అప్పుడు అర్థమైంది తల్లీ. నువ్వు అక్కడ చేసేది ఎక్కువగా కాల్చడం కాదు, కనిపెట్టి చూడడం. ఓపిక పట్టడం. ఏం చేయాలో నీకు నువ్వే తేల్చుకోవడం, తప్పితే ఆ తప్పు నీదేనని ఒప్పుకోవడం. రోజంతా క్లాసులో, ఇంట్లో ఎవరో ఒకరు చెప్పిందే చేసే పిల్లకి అంత పెద్ద మైదానం, అన్ని దారులు దొరికితే ఎందుకు వదులుతుంది?

ఇంకో సంగతి. ఆ శిబిరంలో చాలామంది హెల్మెట్లు పెట్టుకుని ఉన్నారు. రాత్రి వెళ్ళి చూస్తే కళ్ళకి నైట్ విజన్ అద్దాలు. ఎందుకో అర్థంకాక వెతికి చదివాను. మనం ఆడే తీరునిబట్టి శత్రువులు మారతారట. ఎప్పుడూ తలకే గురిపెడితే హెల్మెట్లు వస్తాయి, ఎప్పుడూ రాత్రిపూటే చొరబడితే నైట్ విజన్ వస్తుంది. అంటే నా కూతురు ఇన్నాళ్ళూ ఎలా ఆడిందో వాళ్ళ ఒంటి మీదే రాసి ఉంది. నిజం చెప్తున్నాను, తలకి గురిపెట్టేదన్న మాట దగ్గర నా మనసు చివుక్కుమంది.

తర్వాత నీ మదర్ బేస్‌కి వెళ్ళాను. సముద్రం మధ్య ఆ స్థావరం నిండా నువ్వు పట్టుకొచ్చిన వాళ్ళే, వందల్లో. నీ ఆయుధాల జాబితా చూస్తే ముందున్నది మత్తు సూది పేల్చే పిస్టల్. తలకి గురిపెట్టావు, నిద్రపుచ్చడానికి. నిద్రపోయినవాళ్ళని బెలూన్ కట్టి పైకి పంపేశావు. కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు అలాగే ఉండిపోయాను. నిన్ను అడగకుండా, చూడకుండా అరిచినందుకు సిగ్గుపడ్డాను. క్షమించు.

ఆ బెలూన్ సంగతి తెలుసా? అది ఉత్త కల్పన కాదు. రాబర్ట్ ఫుల్టన్ అనే అమెరికన్ 1950లలో నిజంగానే తయారుచేశాడు. మనిషికి తాడు కట్టి, తాడు చివర బెలూన్ ఎగరేస్తే, పైన వెళ్ళే విమానం ఆ తాడుని అందుకుని మనిషిని లాక్కునేది. 1962లో ఆర్కిటిక్ మంచు మీద సోవియట్లు వదిలేసిన ఒక పరిశోధన కేంద్రానికి వెళ్ళిన ఇద్దరిని అలాగే వెనక్కి తెచ్చారు.

ఇంత నచ్చిన గేమ్‌లో ఒకటి మాత్రం నన్ను వదలడం లేదు. మట్టి గోడల ఇళ్ళు, సన్నటి సందులు, బావులు అన్నీ ఉన్నాయి. ఊరివాళ్ళు లేరు. ఏ గుమ్మంలోకి తొంగిచూసినా సైనికులే. ఆ పదేళ్ళలో లక్షలమంది ఇళ్ళు వదిలి పాకిస్తాన్‌కి, ఇరాన్‌కి వెళ్ళిపోయారు. ఖాళీ ఇళ్ళు చూసినప్పుడల్లా నాకు వాళ్ళే గుర్తొస్తున్నారు. ఊళ్ళో జనం ఉండి ఉంటే ఆ ఇరవై నిమిషాలు నేను అంత హాయిగా గుట్ట మీద పడుకునేవాణ్ణి కాదు. తూటా ఎటు పోతుందోనన్న టెన్షన్ ఉండేది. ఆ టెన్షన్ లేకపోవడం కూడా ఆ ఆకర్షణలో ఒక భాగమేనేమో. నువ్వేమంటావో వినాలని ఉంది.

నీ గేమ్‌ల లైబ్రరీలో 'ఆర్మా 3' కూడా కనిపించింది. 2013లో వచ్చిన గేమ్, 270 చదరపు కిలోమీటర్ల దీవి, గ్రీసులోని లెమ్నోస్‌ని చూసి కట్టింది. దానికి 2017లో 'లాస్ ఆఫ్ వార్' అనే భాగం వచ్చింది. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ సాయంతో చేశారు. నీకు చెప్పకుండానే కొన్నాను. అందులో మనం మందుపాతరలు తీసే మనిషిగా మొదలవుతాం. యుద్ధం వెళ్ళిపోయిన ఊళ్ళో, అడుగు తీసి అడుగు వేయడానికి భయపడుతూ. అదే ఊరి కథని సైనికుడి కళ్ళతో, గెరిల్లా కళ్ళతో, ఆ ఊరివాడి కళ్ళతో చూపిస్తారట. నేను మొదట్లోనే ఆపేశాను. ఊరివాడి వంతు నీతో కలిసి ఆడాలని.

సెలవులకి వచ్చినప్పుడు రెండో కుర్చీ నేనే లాక్కుంటాను. ఈలోగా ఒక సాయం చెయ్యి. ఆ శిబిరంలో ఇద్దరిని నిద్రపుచ్చాను, ఇంకా నలుగురు మేలుకునే ఉన్నారు. మూడుసార్లు దొరికిపోయాను. రేడియో పరికరం వెనక గదిలో ఉంది, ముందు దాని సంగతి చూడాలా, లేక గోడ వెంట తిరిగేవాడి సంగతా? గేమ్‌లో నీ కుక్క డి-డాగ్ నా పక్కనే కూర్చుని ఉంది. రాత్రికి మెసేజ్ పెట్టు.

మీ నాన్న