ఈ మధ్య చదివినవి ఆరు, వదిలేసింది ఒకటి

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల తేదీలు, బస్సు వేళలు వెనక పేజీలో ఉన్నాయి. ఈ పేజీ మాత్రం నవలల గురించి. ఎందుకో చెబుతాను.

కొన్నాళ్ల కిందట లైబ్రరీ పీరియడ్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, "మేడమ్, మీరు ఈ మధ్య ఏం చదివారు?" అని అడిగింది. తడుముకోకుండా ఒక పెద్ద నవల పేరు చెప్పాను. "ఎలా ఉంది మేడమ్?" అంది. "గొప్ప నవల, తప్పకుండా చదవాలి" అన్నాను. తల ఊపి వెళ్లిపోయింది. నా గదిలోకి వచ్చి కూర్చున్నాక లెక్కేసుకుంటే ఆ పుస్తకం చదివి పాతికేళ్లు దాటింది. కథానాయకుడి పేరు కూడా గుర్తు రాలేదు. అసెంబ్లీలో రోజూ "చదవండి, చదవండి" అని పిల్లల ప్రాణం తీసే మనిషిని, నేను చదువుతున్నది సర్క్యులర్లు మాత్రమే. సిగ్గేసింది. ఆ రాత్రి నుంచి ఫోన్ పక్క గదిలో పెట్టి పడుకోవడం మొదలుపెట్టాను. నాలుగు నెలల్లో ఏడు నవలలు తెరిచాను, ఆరు పూర్తి చేశాను. వాటి గురించి ఇప్పుడు అడిగితే ఆ అమ్మాయికి ఏం చెబుతానో అదే మీకూ రాస్తున్నాను.

మొదట 'బారిస్టర్ పార్వతీశం' తీశాను, తేలిగ్గా సాగుతుందని. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ఈ నవల మొదటి భాగం 1924లో వచ్చింది. వందేళ్లు దాటినా మద్రాసులో టోపీ కొన్న ఘట్టం దగ్గర పగలబడి నవ్వాను. దొరల టోపీ అనుకుని దొరసానుల టోపీ కొనుక్కుని, జనం తనవైపే ఎందుకు చూస్తున్నారో తెలియక దర్జాగా నడుస్తాడు. తన తెలివితక్కువతనం తనే చెబుతుంటాడు, పైగా చెబుతున్నంతసేపూ తనంత తెలివైనవాడు లేడన్న ధోరణిలోనే ఉంటాడు. కిటుకంతా అక్కడే ఉంది. తర్వాతి భాగాల్లో మాత్రం మనిషికి లోకజ్ఞానం వచ్చేసింది, నాకు నవ్వు తగ్గిపోయింది. పిల్లలకు మొదటి భాగం చాలు.

డిటెక్టివ్ నవల ఒకటి ఉండాలి కదా అని అగాథా క్రిస్టీ 1926లో రాసిన 'ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్' చదివాను. హంతకుడెవరో చెప్పను, మీ ఇంట్లో ఎవరైనా చదువుతుంటే మీరూ చెప్పకండి. క్రిస్టీ నవలల్లో పేరున్న డిటెక్టివ్ పోయిరో ఇందులో ఉద్యోగం మానేసి, పల్లెటూరికి వచ్చి సొరకాయల్లాంటి కాయలేవో పండించుకుంటూ ఉంటాడు. ఆ పని విసుగొచ్చి ఒక కాయను గోడ మీదుగా విసిరితే అది పక్కింటి డాక్టరు తలకు తగలాల్సింది, కొద్దిలో తప్పుతుంది. అలా పరిచయమవుతాడు మహానుభావుడు. ఒకసారి పూర్తి చేసి, వెంటనే మళ్లీ మొదటి పేజీకి వెళ్లాను. రచయిత్రి నన్ను మోసం చేసిందని కోపం వచ్చింది, కానీ ఎక్కడ మోసం చేసిందో వెతికితే ఒక్క అబద్ధమూ దొరకలేదు. తెలుగు, ఇంగ్లిష్ టీచర్లు వాక్యం జాగ్రత్తగా చదవమని ఏడాదంతా చెప్పేది ఈ ఒక్క నవల రెండు రాత్రుల్లో నేర్పుతుంది.

'ఫ్రాంకెన్‌స్టైన్' విషయంలో నేను పొరబడ్డాను. దయ్యాల కథ అనుకుని ఇన్నేళ్లూ ముట్టుకోలేదు. మేరీ షెల్లీ దీన్ని 1816లో మొదలుపెట్టినప్పుడు ఆమెకు 18 ఏళ్లు, అంటే మన పదో తరగతి పిల్లలకన్నా రెండు మూడేళ్లు పెద్ద. 1818లో అచ్చయినప్పుడు పుస్తకం మీద ఆమె పేరు లేదు. ఫ్రాంకెన్‌స్టైన్ అన్నది కథలోని వికృతరూపుడి పేరనుకునేదాన్ని. అది వాణ్ని తయారు చేసిన శాస్త్రవేత్త పేరు. వాడికి అసలు పేరే పెట్టలేదు.

మధ్యలో ఒక భాగం ఉంది. ఆ జీవి ఒక ఇంటిని ఆనుకున్న చిన్న కొట్టంలో దాక్కుని, గోడ చీలికలోంచి లోపలి కుటుంబాన్ని చూస్తూ నెలలు గడుపుతాడు. ఆ ఇంటి అబ్బాయి ఒక పరదేశపు అమ్మాయికి భాష నేర్పుతుంటే ఇవతల వీడూ నేర్చుకుంటాడు. రాత్రిపూట వాళ్లకు తెలియకుండా కట్టెలు కొట్టి వాకిట్లో పెడతాడు. ఒకరోజు ధైర్యం చేసి, ఇంట్లో మిగతావాళ్లెవరూ లేనప్పుడు గుడ్డి తాతతో మాట్లాడతాడు. ఆయన ఎంతో దయగా వింటాడు. అంతలో చూపున్నవాళ్లు ఇంటికొస్తారు, కర్రతో కొడతారు. ముప్పై ఏళ్లుగా తరగతి గదుల్లో ఉన్నదాన్ని, ఆ గోడ చీలిక దగ్గర ఆగిపోయాను. ఫీజు కట్టకుండా, రిజిస్టర్‌లో పేరు లేకుండా, బయట నిలబడి పాఠం నేర్చుకున్న పిల్లవాడు వాడు. ఇక విక్టర్ అనే ఆ శాస్త్రవేత్త తన దుఃఖం గురించి చెప్పుకునే పేజీలు మాత్రం సగం తీసేసినా నష్టం లేదు. ఎంతసేపూ తన బాధే.

గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' కాలేజీ రోజుల్లో చదివి, ఈ కథానాయకుడు సీతారామారావుకి పని లేకనే ఈ రోగం అనుకున్నాను. ఇప్పుడు అంత తేలిగ్గా అనలేకపోయాను. చేయాల్సిన పని చేయకపోవడానికి అతను వెతికే కారణాల్లో కొన్ని మా స్టాఫ్ మీటింగుల్లో నా నోటితోనే విన్నాను. గోపీచంద్ ఈ పుస్తకాన్ని తన తండ్రికి అంకితమిచ్చారు, 'ఎందుకు' అని ప్రశ్నించడం నేర్పినందుకట. చివరి భాగం చాలా భయంకరంగా ఉంటుంది. పదో తరగతి లోపు పిల్లలకు నేనైతే ఇవ్వను.

'కాలాతీత వ్యక్తులు' గురించి మా ఇంట్లో గొడవే జరిగింది. 1957-58లో 'తెలుగు స్వతంత్ర' పత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల. రాసిన పి. శ్రీదేవి డాక్టరు. రాసింది ఈ ఒక్క నవలే, 1961లో చిన్న వయసులోనే పోయారు. 'చదువుకున్న అమ్మాయిలు' సినిమాకి ఆధారం ఇదే, కానీ సినిమా చూశాం కదా అని ఇది వదిలేయకండి. నవలలోని ఇందిర స్వార్థపరురాలని మావారు, కాదని నేను. సంపాదించని తండ్రిని మోస్తూ, తనకు కావాల్సినదాని కోసం ఎవరి అనుమతీ అడగకుండా చేయి చాపే అమ్మాయి ఆమె. కొన్నిచోట్ల ఆమె చేసేది తప్పే, నాకూ తెలుసు. అయినా ఆమె లేని పేజీలు చప్పగా అనిపించాయి. మంచితనం మూర్తీభవించిన కల్యాణి మీద జాలి కలిగింది తప్ప, తలుపు తెరుచుకుని ఇందిర ఎప్పుడొస్తుందా అనే చూశాను.

అన్నిటికంటే ఎక్కువ రోజులు నా తలగడ పక్కన ఉన్నది 'వనవాసి'. బెంగాలీలో బిభూతిభూషణ్ బందోపాధ్యాయ 1939లో ప్రచురించిన 'ఆరణ్యక్'కు సూరంపూడి సీతారాం గారి తెలుగు. పట్నంలో ఉద్యోగం దొరకని సత్యచరణ్ అడవిలో ఎస్టేట్ మేనేజరుగా వెళతాడు. మొదట్లో ఎప్పుడు పారిపోదామా అనే ఆలోచనే. తర్వాత అడవి వదలదు. కానీ అతని ఉద్యోగమే అడవిని కౌలుదార్లకు పంచి నరికించడం! ప్రేమించినదాన్ని తన సంతకంతోనే పోగొట్టుకుంటాడు, ఆ తప్పు ఎక్కడా దాచుకోడు. యుగళప్రసాద్ అని ఒకడున్నాడు, ఎక్కడెక్కడి నుంచో విత్తనాలు, తీగలు తెచ్చి సరస్వతి మడుగు చుట్టూ నాటుతుంటాడు. ఆ నేల అతనిది కాదు, ఎవరూ చేయమనలేదు, చూసేవాళ్లు లేరు. అడవి మధ్యలో సంస్కృత పాఠశాల పెట్టుకుని విద్యార్థుల కోసం ఎదురుచూసే మటుక్‌నాథ్ పండితుడి దగ్గర మాత్రం నేను వృత్తి అభిమానంతో కాస్త ఎక్కువసేపే కూర్చున్నాను.

ఈ పుస్తకాన్ని ఒక ఎనిమిదో తరగతి అబ్బాయికి ఉత్సాహంగా ఇస్తే మూడో రోజున తిరిగి తెచ్చాడు. "ఇందులో ఏమీ జరగట్లేదు మేడమ్." నిజమే, జరగదు. రోజుకు పది పేజీలకు మించి నేనూ చదవలేకపోయాను. ఆ నెమ్మదే నాకు కావలసి వచ్చింది, వాడికి అక్కర్లేదు. పుస్తకం తీసుకుని, ఆ క్రిస్టీ నవల తెలుగు అనువాదం చేతిలో పెట్టాను.

అప్పుడు తట్టిందే కొత్త స్లిప్పు. ఇంతకుముందు లైబ్రరీ పుస్తకం తిరిగిచ్చేటప్పుడు పిల్లలు ఒక ఫారం నింపేవాళ్లు: పుస్తకం పేరు, రచయిత, ముఖ్య పాత్రలు, నీతి. పాత కట్ట తీసి చూస్తే అన్నిటిలోనూ చివరి వాక్యం ఒకటే, 'ఈ పుస్తకం నాకు చాలా నచ్చింది.' అట్ట తెరవకుండానే రాయగలిగిన వాక్యం. ఆ ఫారం తీసేశాం. ఇప్పుడు పుస్తకం వెనక అట్ట లోపల ఒక తెల్ల కాగితం అంటించి ఉంటుంది. రెండే ప్రశ్నలు: ఎక్కడ విసుగొచ్చింది? ఏ పేజీ మళ్లీ చదివావు? మార్కులు లేవు, టీచరు సంతకం లేదు, పేరు రాయడం వాళ్ల ఇష్టం. నేను ఎంతో మెచ్చుకున్న పుస్తకం మీద ఎవరో 'మొదటి ముప్పై పేజీలు అనవసరం' అని రాసిపెట్టారు. కాస్త చివుక్కుమంది. తర్వాత వెళ్లి ఆ ముప్పై పేజీలు చదివాను, అనవసరమే.

ఒక తల్లి ఫోన్ చేసి, "పెద్దల రచనలను పిల్లలు ఇలా విమర్శించొచ్చా?" అని అడిగారు. నిరభ్యంతరంగా. అయితే పేజీ నంబరు వేయాలి. 'బోర్' అని రాసి వదిలేస్తే కుదరదు. ఎక్కడ బోర్ అని వెతుక్కోవాలంటే మళ్లీ పుస్తకం తెరవాల్సిందే.

ఈ నెల మీ అమ్మాయో అబ్బాయో తెచ్చే పుస్తకంలో ఆ కాగితం కింది సగం మీ కోసం ఖాళీగా ఉంచాం. నాలుగు పేజీలు చదివి రెండు ముక్కలు రాసినా చాలు. పిల్లలు రాసినదానితో మీరు ఏకీభవించక్కర్లేదు.

ఇక వదిలేసింది అడివి బాపిరాజు గారి 'గోన గన్నారెడ్డి'. కాకతీయుల కాలం, రుద్రమదేవి, గజదొంగగా పేరుపడ్డ వీరుడు, కావలసినవన్నీ ఉన్నాయి. కానీ ఆ గన్నారెడ్డి ఎక్కడా తడబడడు, ఏ ఎత్తూ పారకుండా పోదు. ఇతనికి ఏమైనా అవుతుందేమోనన్న భయమే లేకపోతే పేజీ తిప్పబుద్ధి కాలేదు. వర్ణనలు బాగున్నాయి, కాకపోతే నాకు ఓపిక లేకపోయింది. మా తెలుగు మాస్టారు ఇది విని రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. అసలు రుచి రెండో సగంలోనే ఉందని ఆయన వాదన. లైబ్రరీలో కిటికీ పక్క బీరువాలో రెండో అరలో ఉంది, సగం దగ్గర నా బస్సు టికెట్ గుర్తుగా పెట్టి ఉంటుంది. మీలో ఎవరైనా పూర్తి చేస్తే, ఆయన మాట నిజమో కాదో కాగితం మీద రాసి పెట్టండి.

ఇట్లు
మీ ప్రధానోపాధ్యాయురాలు