ఆ తల్లికి ఏడాది పాటు తోడుండాలి

సంపాదకుడికి,

అమెరికాలోని ఒహాయోలో నవజాత శిశువుల వార్డులో పద్నాలుగేళ్లుగా నర్సును. హెరాయిన్, ఫెంటానిల్ వంటి ఓపియాయిడ్లకు, అంటే నల్లమందు తరహా మత్తుమందులకు అలవాటు పడ్డ తల్లుల బిడ్డలను రోజూ ఎత్తుకుంటాను. పుట్టాక ఆ మత్తు అందక రెండో రోజుకల్లా గుక్కపట్టి ఏడుస్తారు, పిడికిళ్లు బిగించి వణుకుతారు. లైటు తగ్గించి తల్లి గుండెల మీద పడుకోబెడితే చాలామంది కుదుటపడతారు. ఈ దేశంలోని 26 ఆసుపత్రుల్లో బిడ్డ తిండి, నిద్ర, ఊరడింపులనే కొలతగా పెట్టుకుని చూస్తే, ఇంటికి పంపే స్థితికి 14.9 రోజులకు బదులు 8.2 రోజుల్లోనే వచ్చారని 2023లో అధ్యయనం వెలువడింది. ఆ ఊరడింపుకి తల్లి పక్కనుండాలి.

కానీ ఆమెను ఉండనిస్తున్నామా? కేసు షీటులో మెథడోన్ అని కనబడగానే కొందరి మాటతీరు మారిపోతుంది. అది డాక్టరు రాసిన మందు. గర్భిణి మత్తుమందును ఉన్నపళంగా మానేస్తే మళ్లీ పాత మత్తులోకి జారే ప్రమాదం ఎక్కువ కాబట్టి మెథడోన్ గానీ బుప్రెనార్ఫిన్ గానీ ఇస్తారు. ‘బిడ్డ కోసమైనా మానలేవా’ అని ఒక్కమాట అంటే చాలు, ఆమె వార్డు గుమ్మం తొక్కదు.

అందుకే డౌలా కావాలి. డౌలా మంత్రసాని కాదు, పురుడు పోయదు. నొప్పులప్పుడు నడుం రాస్తుంది, డాక్టరు చెప్పింది అర్థమయ్యేలా చెబుతుంది, ఇంటికెళ్లాకా వస్తుంది. మూడు రోజులు ఎవరితోనూ పలకని ఒక బాలింతకు డౌలా ఏమీ అడక్కుండా తల దువ్వి జడ వేసింది. ఆ సాయంత్రమే ఆ అమ్మాయి బిడ్డను ఒళ్లోకి తీసుకుంది.

మసాచుసెట్స్ రాష్ట్రంలో లెక్క తీస్తే, ఇలాంటి తల్లులు మత్తు మోతాదు మించి ప్రాణం మీదికి తెచ్చుకోవడం కాన్పయిన ఏడు నుంచి పన్నెండు నెలల మధ్యే ఎక్కువని తేలింది. అప్పటికి చూడ్డానికి వచ్చేవాళ్లంతా మానేసి ఉంటారు.

ఇది అమెరికా గొడవ అనుకోవద్దు. 2019లో ఎయిమ్స్ నివేదిక ఓపియాయిడ్ల సమస్య ఎక్కువున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌నూ చేర్చింది. ప్రభుత్వాసుపత్రుల కాన్పు గదిలోకి తోడు మనిషిని రానివ్వమని కేంద్రం 2016లోనే చెప్పింది. పుట్టింటివాళ్లు కూడా వదిలేసిన అమ్మాయికి ఆ తోడును ఆసుపత్రే ఏర్పాటు చేయాలి. మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా ఆశా కార్యకర్త బిడ్డను చూడ్డానికి ఇంటికెళ్లే పథకం ఉంది. వెళ్లినప్పుడు ‘నువ్వెలా ఉన్నావమ్మా’ అని తల్లినీ అడిగేలా ఆమెకు శిక్షణ ఇవ్వాలి, అందుకు విడిగా డబ్బూ ఇవ్వాలి.

— ఒక పాఠకురాలు, ఒహాయో