మెడికల్ షాపుల్లో ఫేస్ క్రీములుగా అమ్ముడవుతున్న స్టెరాయిడ్లు

సంపాదకులకు నమస్కారం.

హన్మకొండలో చాలా ఏళ్లుగా బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను. పెళ్లికూతుళ్లకు మేకప్ వేయడం నా ప్రధాన పని. ఈ మధ్య నా కుర్చీలో కూర్చుంటున్న ఆడపిల్లల ముఖాలు చూస్తుంటే భయమేస్తోంది. అందుకే ఈ ఉత్తరం.

ఇరవై, ఇరవై రెండేళ్ల వయసుకే వాళ్ల చర్మం పల్చబడిపోయి, బుగ్గల మీద సన్నటి ఎర్రటి నరాలు తేలి కనిపిస్తున్నాయి. నయీంనగర్ నుంచి ఎండలో నడిచి వస్తే చాలు, ముఖమంతా మంట అంటారు. ఫౌండేషన్ తగలగానే చురుక్కుమంటుంది. గడ్డం దగ్గర ఇంతకుముందు లేని నూగు వెంట్రుకలు కనిపిస్తాయి. "ఏం రాస్తున్నవమ్మా?" అని అడిగితే దాదాపు అందరిదీ ఒకటే జవాబు. రీల్‌లో చూసి మెడికల్ షాపులో ట్యూబు కొన్నారు, రోజూ రాత్రి పడుకునే ముందు రాస్తున్నారు. "మొదట మంచిగనే తెల్లగైన అక్కా, ఇప్పుడు బంద్ చేస్తే మొటిమలొస్తున్నయి, మంట లేస్తుంది" అని కళ్లనీళ్లు పెట్టుకున్న పిల్ల కూడా ఉంది. వారంలో ఆమె పెళ్లి.

ఆ ట్యూబులు అందానికి రాసుకునేవి కావు, జబ్బుకు వాడే మందులు. వాటిలో బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ లాంటి స్టెరాయిడ్లు ఉంటాయి. ఎగ్జిమా, సోరియాసిస్ వంటి చర్మ వ్యాధులకు డాక్టర్లు ఇన్ని రోజులు, ఇంత చోట అని లెక్కగా రాసిస్తారు. మంగు మచ్చలకైతే హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడ్ మూడూ కలిసిన క్రీము కొన్ని వారాలకు రాస్తారు. స్టెరాయిడ్ రాయగానే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, ఎరుపు తగ్గుతుంది, ముఖం తేటగా కనిపిస్తుంది. రీల్‌లో చూపించేది ఆ మొదటి కొన్ని రోజుల ముఖమే. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది. మానేస్తే మంట, ఎరుపు, మొటిమలు ముందుకంటే ఎక్కువగా తిరగబెడతాయి. ఆ బాధ తట్టుకోలేక మళ్లీ అదే ట్యూబు కొంటారు. ఇది అలవాటు కాదు, మందుకు చర్మం లొంగిపోవడం.

దీనికి చట్టం లేక కాదు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. డాక్టర్ చీటీ లేకుండా వాటిని అమ్మకూడదు. ట్యూబు మీద ఆర్‌ఎక్స్ గుర్తు, చీటీ లేకుండా అమ్మరాదన్న హెచ్చరిక అచ్చేసే ఉంటాయి. కానీ నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో ఒక్కరి దగ్గరా చీటీ లేదు. పేరు చెబితే ఇచ్చారు. కొందరైతే ఫోన్‌లో ఫొటో చూపించి కొన్నారు. మందుల షాపు పెట్టుకున్నవాళ్లకు అది ఏ మందో తెలియదంటే నేను నమ్మలేను.

ఇంకోటి డబ్బా క్రీములు. ఫ్యాన్సీ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. కొన్నింటి మీద తయారీ లైసెన్స్ నంబరు ఉండదు, అడ్రస్ ఉండదు. విదేశీ సరుకు అంటారు గానీ, దిగుమతి చేసిన కాస్మెటిక్ మీద ఉండాల్సిన రిజిస్ట్రేషన్ నంబరు కనిపించదు. ఇలాంటి తెల్లబరిచే క్రీములు కొన్నింటిలో పాదరసం కలుపుతారు. అది చర్మంలో నల్లరంగు తయారుకాకుండా ఆపుతుంది, చర్మంలోంచి ఒంట్లోకి దిగి కిడ్నీలను దెబ్బతీస్తుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవాళ్లకు కిడ్నీ జబ్బు వచ్చినట్టు డాక్టర్లు గుర్తించారు. అదే ఏడాది అక్కడి డ్రగ్స్ కంట్రోల్ శాఖ ఆపరేషన్ సౌందర్య పేరుతో షాపులు తనిఖీ చేసి లైసెన్స్ లేని సరుకు పట్టుకుంది. వరంగల్‌లో కూడా అలాంటి తనిఖీ జరగాలి. స్టేషన్ రోడ్డు, చౌరస్తాతో ఆగకుండా నర్సంపేట, పరకాల, మహబూబాబాద్ దాకా వెళ్లాలి. నమూనాలు ల్యాబుకు పంపి, ఏ క్రీములో ఏముందో పేరుతో సహా పత్రికల్లో ప్రకటించాలి.

మా వృత్తిలోని వాళ్లకూ ఒక మాట చెప్పాలి. జుట్టు స్మూతెనింగ్‌కు వాడే కొన్ని క్రీములు వేడి తగిలితే ఫార్మాల్డిహైడ్ అనే విషవాయువు వదులుతాయి. తలుపులు మూసి ఏసీ వేసుకున్న గదిలో ఆ పొగ పీల్చేది కస్టమర్ ఒక్కతే కాదు, రోజంతా పనిచేసే మన అమ్మాయిలు కూడా. దానికి బదులు వచ్చిన గ్లైఆక్సిలిక్ యాసిడ్ రకం వాడాక కిడ్నీలు దెబ్బతిన్న కేసులను ఇజ్రాయెల్, ఫ్రాన్స్ డాక్టర్లు నమోదు చేశారు. డబ్బా మీద ఏం రాసుందో చదవకుండా ఎవరి తలకూ పెట్టకండి. హెయిర్ డై పడుతుందో లేదో చెవి వెనక కొంచెం రాసి ప్యాచ్ టెస్ట్ చేసి రెండు రోజులు ఆగమంటే కస్టమర్ పక్క పార్లర్‌కు పోతుందన్న టెన్షన్ నాకూ తెలుసు. అయినా ఆగమనే చెప్పాలి.

రీల్స్ చేసేవాళ్లను తప్పుపట్టి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. మేకప్ నేర్పే మంచి వీడియోలు ఎన్నో ఉన్నాయి, నేనూ చూస్తాను. కానీ డబ్బు తీసుకుని లేదా ఉచితంగా సరుకు తీసుకుని ప్రచారం చేస్తే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. తెలుగులో క్రీములు అమ్మే పేజీల మీద దాన్ని అమలు చేయమని అడుగుతున్నాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు.

పిల్లలు ఆ ట్యూబు దాకా ఎందుకు పోతున్నారో కూడా రాయాలి. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరు గ్లో అండ్ లవ్లీగా మారింది. పెళ్లిచూపుల్లో రంగు అడగడం మాత్రం మారలేదు. చక్కటి చామనఛాయ పిల్లను తీసుకొచ్చి "జర తెల్లగ కనబడేటట్టు వెయ్యి" అని ఆ పిల్ల ముందే తల్లులు నాకు చెబుతారు. ఆ మాట విన్న పిల్ల ఇంటికి పోయి ఏం వెతుకుతుందో వేరే చెప్పాలా? అమ్మలారా, మీ బిడ్డ ముందు ఆ మాట అనకండి.

ఇప్పటికే ఇలాంటి ట్యూబు రోజూ రాస్తున్నవాళ్లు ఈ ఉత్తరం చదివి భయపడి ఒక్కసారిగా మానేయకండి. వాడుతున్న ట్యూబు, డబ్బా వెంట తీసుకుని వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మ వ్యాధుల ఓపీకి గానీ, దగ్గర్లోని స్కిన్ డాక్టర్ దగ్గరికి గానీ వెళ్లండి. ఎన్ని నెలలుగా రాస్తున్నారో దాచకుండా చెప్పండి. ఎలా తగ్గించుకుంటూ రావాలో వాళ్లు చెబుతారు.

ఇట్లు,
ఒక బ్యూటీషియన్,
హన్మకొండ