ఆరోగ్య శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

సార్ నమస్తే. మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు డ్యూటీ మారే టైమ్‌లో కొత్తగా వచ్చిన సిస్టర్ సిరంజి పట్టుకొచ్చింది, ఆ ఇంజెక్షన్ అరగంట క్రితమే ఇచ్చారని నేను చెప్పబట్టి ఆగింది గానీ లేకపోతే డబుల్ డోస్ పడిపోయేది. ఆమెని తప్పుపట్టను, కేస్ షీట్‌లో ముందావిడ టిక్ పెట్టలేదు, అంతే.

డబ్ల్యూహెచ్‌ఓ 2008లోనే ఆపరేషన్లకి 19 పాయింట్ల చెక్‌లిస్ట్ ఇచ్చింది, పేషెంట్ పేరేంటి, ఏ వైపు కోయాలి అని పైకి చదివి చూసుకోవడమే, 8 ఆస్పత్రుల్లో వాడి చూస్తే చావులు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయి. ఒక్క కాగితం సార్ అది! డ్యూటీ మారేటప్పుడు కూడా అలాంటిదే పెట్టించండి, మంచం పక్కనే నిలబడి ఒకరికొకరు చెప్పుకునేలా. ఇంకోటి, తప్పు జరిగిందని తనే వచ్చి చెప్పిన సిస్టర్‌కి మెమో ఇవ్వకండి, ఇస్తే రేపట్నుంచి ఎవరూ నోరు విప్పరు.